గాఫ్ విట్లమ్: ప్రతిపక్షంలో ఇచ్చిన మాట, గురిండ్జి ప్రజల భూమి



ఎలక్షన్లు వచ్చిన ప్రతిసారీ మన గూడేలకు నాయకులు వస్తారు. అధికారంలో లేని పార్టీ వాళ్లయితే ఇంకా ఎక్కువసార్లు వస్తారు. "మేం గెలిస్తే పట్టాలిస్తాం" అంటారు. గెలిచాక ఆ మాట ఏమవుతుందో మనందరికీ తెలుసు. అసలు ప్రతిపక్ష నాయకుడి మాటకు విలువ ఉంటుందా? ఉంటే దాన్ని చట్టం దాకా ఎవరు లాక్కెళ్తారు? ఈ ప్రశ్నకు ఆస్ట్రేలియా చరిత్రలో ఒక మంచి ఉదాహరణ ఉంది. ఆ నాయకుడి పేరు గాఫ్ విట్లమ్. ఆయన జీవితాన్ని, ఆయన చేత ఆ మాట ఇప్పించిన ఆదివాసుల పోరాటాన్ని కలిపి ఇక్కడ రాస్తున్నాం. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చివరిదాకా చదవండి.

యుద్ధంలో కళ్లు తెరిచిన లాయరు బిడ్డ

ఎడ్వర్డ్ గాఫ్ విట్లమ్ 1916 జులై 11న మెల్‌బోర్న్ నగరంలో క్యూ అనే చోట పుట్టాడు. తండ్రి ఫ్రెడ్ విట్లమ్ కేంద్ర ప్రభుత్వంలో పెద్ద లాయరు. కాబట్టి గాఫ్ పేదింటి బిడ్డ కాదు. కూలి పని చేసి, యూనియన్లో ఎదిగి వచ్చిన మనిషి కూడా కాదు. సిడ్నీ యూనివర్సిటీలో చదువుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి వాయుసేనలో చేరి బాంబర్ విమానాల్లో నావిగేటర్‌గా పనిచేశాడు. 1942లో మార్గరెట్ డోవీని పెళ్లి చేసుకున్నాడు.

యుద్ధకాలంలో ఆయన స్క్వాడ్రన్ ఉత్తరాన ఆర్నెమ్ ల్యాండ్‌లోని గోవ్ అనే చోట ఉండేది. అది యొల్ంగు అనే ఆదివాసుల నేల. అక్కడి ఆదివాసులను ఎట్లా చూస్తున్నారో ఆయన దగ్గరగా చూశాడు. ఈ గోవ్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

1944లో అప్పటి లేబర్ ప్రభుత్వం ఒక రెఫరెండం పెట్టింది. యుద్ధం తర్వాత దేశాన్ని బాగుచేయడానికి కేంద్రానికి 14 అధికారాలు ఇవ్వాలని అడిగింది. ఆదివాసుల విషయంలో చట్టాలు చేసే అధికారం కూడా అందులో ఒకటి. విట్లమ్ తన తోటి సైనికుల మధ్య దానికి అనుకూలంగా ప్రచారం చేశాడు. రెఫరెండం ఓడిపోయింది. కానీ రాజ్యాంగం మారకుండా పెద్ద పని ఏదీ జరగదన్న ఆలోచన ఆయనకు అక్కడే గట్టిపడింది. 1945లో లేబర్ పార్టీలో చేరాడు. తర్వాత లా పూర్తిచేసి 1947లో బార్‌లో చేరాడు. 1952 నవంబర్‌లో వెరివా అనే నియోజకవర్గం ఉప ఎన్నికలో గెలిచి పార్లమెంటుకు వెళ్లాడు.

వెరివా అంటే సిడ్నీ శివార్లు. ఇళ్లు వేగంగా కడుతున్నారు కానీ మురుగు కాలవల్లేవు, బడులు చాలవు, ఆస్పత్రులు దూరం. మిగతా నాయకులు ప్రపంచ రాజకీయాలు మాట్లాడుతుంటే ఈయన డ్రైనేజీ గురించి పార్లమెంటులో మాట్లాడేవాడు. మంత్రులకు రాతపూర్వక ప్రశ్నలు వేసి, లెక్కలు బయటికి లాగడం ఆయన అలవాటు. ప్రతిపక్షంలో ఉన్నవాడికి నిధులు ఉండవు, ఆఫీసర్లు ఉండరు. ప్రశ్న మాత్రం ఉంటుంది. దాన్ని ఆయన బాగా వాడుకున్నాడు.

ఇరవై మూడేళ్లు అధికారం లేని పార్టీ

లేబర్ పార్టీ 1949 డిసెంబర్‌లో ఓడిపోయింది. మళ్లీ గెలిచింది 1972 డిసెంబర్‌లోనే. మధ్యలో 23 ఏళ్లు. 1955లో పార్టీ చీలిపోయి, విడిపోయినవాళ్లు ప్రతి ఎన్నికలో లేబర్‌కు వ్యతిరేకంగా ఓట్లు మళ్లించేవారు. పార్టీలో అసలు పెత్తనం పార్లమెంటు సభ్యులది కూడా కాదు. 1963లో ఒక పెద్ద విధానం మీద పార్టీ కాన్ఫరెన్స్ క్యాన్‌బెర్రాలోని ఒక హోటల్లో జరిగింది. అందులో ఓటు హక్కు ఉన్నది 36 మంది ప్రతినిధులకు. నాయకుడు ఆర్థర్ కాల్వెల్, ఉపనాయకుడు విట్లమ్ రాత్రిపూట బయట నిలబడి లోపల ఏం తేలుస్తారా అని ఎదురుచూశారు. ఆ ఫోటోలు పేపర్లలో వచ్చాయి. "ముఖం తెలియని 36 మంది చేతిలో పార్టీ ఉంది" అని అవతలి పార్టీ ఏళ్ల తరబడి ఎగతాళి చేసింది.

విట్లమ్ 1960లో ఉపనాయకుడయ్యాడు. 1966లో పార్టీ పెద్దలతో గొడవపడి, పార్టీ నుంచి వెళ్లగొట్టే దాకా వచ్చి కొద్దిలో బయటపడ్డాడు. అదే ఏడాది నవంబర్ ఎన్నికల్లో లేబర్ చిత్తుగా ఓడి 41 సీట్లకు పడిపోయింది. కాల్వెల్ తప్పుకున్నాడు. 1967 ఫిబ్రవరిలో విట్లమ్ ప్రతిపక్ష నాయకుడయ్యాడు.

వచ్చీరాగానే ఆయన ముందు తన ఇంటినే సర్దాడు. పార్టీ అత్యున్నత కమిటీల్లో పార్లమెంటరీ నాయకులకు చోటు తెచ్చాడు. సిద్ధాంతం చెడకుండా ఉండాలని ఓడిపోవడానికైనా సిద్ధపడే వర్గంతో నేరుగా తలపడ్డాడు. గెలవకుండా పేదలకు ఏమీ చేయలేం అన్నది ఆయన వాదన. 1968లో రాజీనామా చేసి మళ్లీ నాయకత్వానికి పోటీపడితే, జిమ్ కెయిర్న్స్ మీద 38కి 32 ఓట్లతో మాత్రమే గెలిచాడు. ఎంత సన్నటి దారిలో నడిచాడో దీన్నిబట్టి అర్థమవుతుంది. 1969 ఎన్నికల్లో ఒక్కసారిగా 18 సీట్లు పెరిగి లేబర్ 59కి చేరింది. అధికారానికి ఇంకో నాలుగు సీట్లు తక్కువయ్యాయి.

అదే కాలంలో ఆదివాసులు ఏం చేస్తున్నారు?

ఇక్కడే మనం ఆగి చూడాలి. విట్లమ్ గురించి రాసే చాలా పుస్తకాల్లో ఆయన పైనుంచి న్యాయం తెచ్చి ఇచ్చినట్టు ఉంటుంది. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే కథ వేరేగా కనబడుతుంది.

1963లో గోవ్ దగ్గర యిర్కాలా గ్రామంలో యొల్ంగు ప్రజలు చెట్టు బెరడు మీద తమ బొమ్మలు గీసి, తమ భాషలోనూ ఇంగ్లీషులోనూ రాసి పార్లమెంటుకు అర్జీ పంపారు. వాళ్లను అడక్కుండా బాక్సైట్ గనులకు భూమి ఇచ్చేశారు, అదీ వాళ్ల గోడు. బాక్సైట్ అనే మాట వింటే మన విశాఖ మన్యం వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. అర్జీ పనిచేయలేదు. కోర్టుకు వెళ్లారు. 1971 ఏప్రిల్‌లో జడ్జి బ్లాక్‌బర్న్ తీర్పు చెప్పాడు: మీకు మీ సొంత పద్ధతులు, కట్టుబాట్లు ఉన్నాయన్నది నిజమే, కానీ ఆస్ట్రేలియా చట్టం మీ భూమి హక్కును గుర్తించదు. అంటే కోర్టు కూడా తలుపు మూసేసింది.

1965 ఫిబ్రవరిలో సిడ్నీ యూనివర్సిటీ విద్యార్థులు ఒక బస్సు ఎక్కి పల్లె పట్టణాలు తిరిగారు. వాళ్ల నాయకుడు చార్లెస్ పెర్కిన్స్, ఆదివాసీ విద్యార్థి. మోరీ అనే ఊళ్లో ఆదివాసీ పిల్లలను ఈత కొలనులోకి రానివ్వకపోతే అక్కడే బైఠాయించారు. దాన్ని ఫ్రీడమ్ రైడ్ అంటారు. ఆ బస్సులో ఉన్న జిమ్ స్పిగెల్‌మన్ అనే విద్యార్థి తర్వాత విట్లమ్ ప్రధాని అయినప్పుడు ఆయనకు ముఖ్య సలహాదారుగా పనిచేశాడు. విద్యార్థి ఉద్యమం ఎక్కడిదాకా చేరుతుందో చూడండి.

1966 ఆగస్టు 23న వేవ్ హిల్ స్టేషన్‌లో గురిండ్జి ప్రజలు పని మానేసి బయటికి నడిచారు. స్టేషన్ అంటే అక్కడ వందల మైళ్ల పశువుల ఫారం. అది వెస్టీ అనే బ్రిటిష్ కంపెనీ చేతిలో ఉంది. గురిండ్జిల తాతల నేల మీదే వాళ్లను పశువుల కాపర్లుగా పెట్టుకుని, పిండి, టీ, చక్కెర, మాంసం ఇచ్చి, తెల్లవాళ్లకిచ్చే దాంట్లో చిన్న ముక్క కూలి ఇచ్చేవారు. ఆ ఏడాదే మార్చిలో ట్రిబ్యునల్ ఆదివాసీ కాపర్లకు సమాన వేతనం ఇవ్వాలని తేల్చింది, కానీ అమలు 1968 డిసెంబర్‌కు వాయిదా వేసింది. విన్సెంట్ లింగియారి అనే పెద్దాయన ముందు నడిచాడు. దాదాపు 200 మంది, పిల్లాపాపలతో సహా, వెంట నడిచారు.

బయటివాళ్లు అది కూలి సమ్మె అనుకున్నారు. 1967లో వాళ్లు వాటీ క్రీక్ దగ్గర, తమ భాషలో దాగురాగు అనే చోట స్థిరపడ్డారు. 500 చదరపు మైళ్ల భూమి తమకు తిరిగి ఇవ్వాలని గవర్నర్ జనరల్‌కు అర్జీ పెట్టారు. అప్పుడు అందరికీ అర్థమైంది, వాళ్లడిగేది కూలి ఒక్కటే కాదు, భూమి. రెండు నెలల్లో కాదన్నారు. అయినా వాళ్లు కదల్లేదు. ఏళ్ల తరబడి అక్కడే కూర్చున్నారు.

1967 మే 27న ఇంకో రెఫరెండం జరిగింది. జనాభా లెక్కలో ఆదివాసులను కలపకూడదనే సెక్షన్ తీసేయాలా, వాళ్ల విషయంలో చట్టాలు చేసే అధికారం కేంద్రానికి ఇవ్వాలా అని అడిగారు. అధికారంలో ఉన్నది హెరాల్డ్ హోల్ట్, ప్రతిపక్షంలో విట్లమ్. ఇద్దరూ అవునన్నారు. 90 శాతానికి పైగా జనం అవునని ఓటేశారు. ఆదివాసులకు ఓటు హక్కు ఈ రెఫరెండంతోనే వచ్చిందని చాలామంది రాస్తుంటారు, అది తప్పు. కేంద్ర ఎన్నికల్లో ఓటు హక్కు 1962లోనే వచ్చింది. 1967లో వచ్చింది కేంద్రానికి అధికారం. అధికారం వచ్చినా హోల్ట్ తర్వాత వచ్చిన ప్రభుత్వాలు భూమి విషయంలో దాన్ని వాడలేదు.

గొడుగు కింద ఎంబసీ

1972 జనవరి 26న ప్రధాని విలియం మెక్‌మాన్ ఒక ప్రకటన చేశాడు. ఆదివాసులకు భూమి హక్కు ఇవ్వం, కావాలంటే 50 ఏళ్ల లీజుకు దరఖాస్తు పెట్టుకోండి అన్నాడు. ఆ రాత్రే నలుగురు ఆదివాసీ యువకులు క్యాన్‌బెర్రాలో పార్లమెంటు ముందు పచ్చిక మీద బీచ్ గొడుగు పాతి కూర్చున్నారు. మైకేల్ ఆండర్సన్, బిల్లీ క్రేగీ, టోనీ కూరీ, బర్టీ విలియమ్స్. దానికి "ఆబొరిజినల్ ఎంబసీ" అని పేరు పెట్టారు. సొంత దేశంలో పరాయివాళ్లం అయ్యాం కాబట్టి మాకూ ఒక ఎంబసీ కావాలి, అదీ వాళ్ల మాట. గొడుగు పక్కన టెంట్లు పెరిగాయి.

ఫిబ్రవరి 8న ప్రతిపక్ష నాయకుడు విట్లమ్ ఆ టెంట్ల దగ్గరికి నడిచి వెళ్లాడు. వాళ్లతో కూర్చుని మాట్లాడాడు. తమ పార్టీ గెలిస్తే ఈ విధానాన్ని తిప్పేస్తాం, ఆదివాసీ సమాజాలకు భూమి మీద యాజమాన్యం ఇస్తాం అన్నాడు. జులైలో పోలీసులు టెంట్లు పీకేశారు, జనాన్ని కొట్టారు. టీవీలో దేశమంతా చూసింది.

1972 నవంబర్ 13న బ్లాక్‌టౌన్‌లో విట్లమ్ ఎన్నికల ప్రసంగం చేశాడు. "ఇట్స్ టైమ్", అంటే సమయం వచ్చింది, అదీ పార్టీ నినాదం. ఆ ప్రసంగంలో బడులు, ఆరోగ్య బీమా, నగరాలతో పాటు ఆదివాసుల భూమి హక్కు కూడా ఉంది. ఆదివాసులకు వాళ్ల స్థానం దక్కనంత కాలం ఆస్ట్రేలియా వాళ్లందరూ చిన్నబోయినట్టే అని చెప్పాడు. టెంటు దగ్గర నోటిమాటగా ఉన్నది మేనిఫెస్టోలో అక్షరం అయింది. డిసెంబర్ 2న లేబర్ 67 సీట్లతో గెలిచింది.

మాట నుంచి మట్టి దాకా

గెలిచిన నెలలోనే ఆదివాసుల భూమి మీద విచారణ కమిషన్ ప్రకటించారు. దానికి ఎవరిని పెట్టారో చూడండి: ఎడ్వర్డ్ వుడ్‌వర్డ్. గోవ్ కేసులో యొల్ంగు ప్రజల తరఫున వాదించి ఓడిపోయిన లాయరు. ఆ కేసులో ఏ గోడకు తల కొట్టుకుందో తెలిసిన మనిషి. ఆయన 1974 ఏప్రిల్‌లో చివరి రిపోర్టు ఇచ్చాడు. భూమి సమాజం పేరు మీద ఉండాలి, అమ్మడానికి వీల్లేకుండా ఉండాలి, ఆదివాసుల తరఫున మాట్లాడే ల్యాండ్ కౌన్సిళ్లు ఉండాలి, గనులకు వాళ్ల ఒప్పుకోలు కావాలి, ఇవి అందులో ముఖ్యమైనవి. దీన్ని మన 1/70 చట్టంతో, 1997 నాటి సమతా తీర్పుతో పక్కన పెట్టి చదవండి. రెండు దేశాల్లో ప్రశ్న ఒకటే: ఆదివాసీ నేల ఆదివాసేతరుల చేతికి, కంపెనీల చేతికి పోకుండా ఆపేదెట్లా?

అయితే ఈ చట్టం నార్తర్న్ టెరిటరీకే. ఎందుకంటే ఆ ప్రాంతం అప్పుడు నేరుగా కేంద్రం కింద ఉంది. రాష్ట్రాల్లో భూమి రాష్ట్రాల చేతిలో ఉంది. క్వీన్స్‌లాండ్ లాంటి రాష్ట్ర ప్రభుత్వాలు గట్టిగా అడ్డం నిలబడ్డాయి. 1967లో అధికారం వచ్చింది కదా, దేశమంతా చట్టం ఎందుకు చేయలేదు అని అక్కడి ఆదివాసులు అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతారు.

1975 ఆగస్టు 16న ప్రధాని విట్లమ్ దాగురాగు వెళ్లాడు. సుమారు 3,236 చదరపు కిలోమీటర్ల భూమికి కాగితాలు ఇచ్చాడు. తర్వాత వంగి ఎర్రమట్టి గుప్పెట్లోకి తీసుకుని లింగియారి చేతిలో పోశాడు. ఈ నేల మీదీ, మీ పిల్లలదీ అన్నాడు. 1835లో మెల్‌బోర్న్ దగ్గర ఆదివాసీ పెద్దలు ఒక తెల్లవాడి చేతిలో మట్టి పెట్టారని, ఇప్పుడు దాన్ని తిప్పి చేద్దామని సలహాదారు నగెట్ కూంబ్స్ సూచించాడు. ఆ ఫోటో తీసింది మెర్విన్ బిషప్, ఆయన కూడా ఆదివాసే. ఆస్ట్రేలియాలో ఈ రోజుకీ అందరూ గుర్తుపట్టే ఫోటో అది.

ఇప్పుడు అసలు విషయం. ఆ రోజు ఇచ్చినవి లీజు కాగితాలు. మన భాషలో చెప్పాలంటే కౌలు, పట్టా కాదు. పూర్తి యాజమాన్యం, అమ్మడానికి వీల్లేని హక్కు, 1986లో వచ్చింది. అంటే ఫోటో తర్వాత 11 ఏళ్లకు, నడిచి బయటికొచ్చిన 20 ఏళ్లకు. లింగియారి 1988 జనవరిలో చనిపోయాడు. ఆ ఫోటోను మెచ్చుకుందాం, కానీ కాగితం మీద ఏముందో కూడా చదువుదాం.

పడిపోవడం, మళ్లీ ప్రతిపక్షం

1975 అక్టోబర్‌లో భూమి హక్కుల బిల్లు పార్లమెంటులో పెట్టారు. అదే నెలలో ప్రతిపక్ష నాయకుడు మాల్కం ఫ్రేజర్ సెనేట్‌లో తన బలంతో బడ్జెట్ ఆపేశాడు. అప్పటికే విట్లమ్ ప్రభుత్వం ధరల పెరుగుదలతో, అప్పుల కుంభకోణంతో బాగా దెబ్బతిని ఉంది. నవంబర్ 11న గవర్నర్ జనరల్ జాన్ కెర్ ప్రధానిని బర్తరఫ్ చేశాడు. ఆ కెర్‌ను ఆ పదవికి సిఫారసు చేసింది విట్లమే. బిల్లు అక్కడే చచ్చిపోయింది. డిసెంబర్ ఎన్నికల్లో లేబర్ 127లో 36 సీట్లకు పడిపోయింది.

మరి భూమి హక్కు ఏమైంది? ఫ్రేజర్ ప్రభుత్వమే 1976లో ఆ చట్టాన్ని పాస్ చేసింది. కొన్ని కోతలు పెట్టింది, ముఖ్యంగా అవసరాన్ని బట్టి భూమి అడిగే అవకాశాన్ని తీసేసింది. కానీ మూల స్వరూపం ఉంచింది. ఎందుకు? కమిషన్ రిపోర్టు అచ్చయి ఉంది, ల్యాండ్ కౌన్సిళ్లు ఏర్పడి ఉన్నాయి, ఆదివాసులు ఊరుకునే స్థితిలో లేరు. పని అంత దూరం నడిచాక వెనక్కి తిప్పడం అవతలి పార్టీకి కూడా కష్టం. ఈ రోజు నార్తర్న్ టెరిటరీలో దాదాపు సగం నేల ఆ చట్టం కింద ఆదివాసులది.

ఇంకో చట్టం సంగతి. 1975లో విట్లమ్ ప్రభుత్వం జాతి వివక్ష నిషేధ చట్టం చేసింది. తర్వాత టోరెస్ జలసంధి దీవుల మనిషి ఎడ్డీ మాబో తన దీవి భూమి కోసం కోర్టుకు వెళ్తే, ఆ కేసును చంపడానికి క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. 1988లో హైకోర్టు, అంటే అక్కడి అత్యున్నత కోర్టు, 1975 చట్టాన్ని చూపించే దాన్ని కొట్టేసింది. కేసు బతికింది. 1992 జూన్ 3న తీర్పు వచ్చింది. ఎవరికీ చెందని నేల అనే అబద్ధం కూలింది. మాబో అప్పటికి కొన్ని నెలల ముందే చనిపోయాడు.

విట్లమ్ మళ్లీ ప్రతిపక్ష నాయకుడిగా కూర్చున్నాడు. కానీ ఈసారి పాత మనిషి కాదు. 1977 మేలో బిల్ హేడెన్ పోటీపడితే 32కి 30తో గట్టెక్కాడు. ఆ డిసెంబర్‌లో మళ్లీ ఓడి నాయకత్వం వదిలేశాడు. 2014 అక్టోబర్ 21న, 98 ఏళ్ల వయసులో చనిపోయాడు. సిడ్నీలో జరిగిన సంస్మరణ సభలో ఆదివాసీ నాయకుడు నోయెల్ పియర్సన్ చేసిన ప్రసంగాన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆయన తప్పులు కూడా చెప్పాలి. తూర్పు తిమోర్ ఇండోనేషియాలో కలిస్తే మంచిదన్న ఆలోచనను ఆయన 1974లో సుహార్తో ముందు పెట్టాడు. ఆయన పదవి పోయిన నెలలోపే ఇండోనేషియా సైన్యం అక్కడ దిగింది, తిమోర్ జనం దారుణంగా చనిపోయారు. ఒక చిన్న ప్రజ హక్కు కోసం మట్టి పోసిన చేయి, ఇంకో చిన్న ప్రజ విషయంలో అట్లా ఉంది. దేవుడిని చేయనక్కర్లేదు.

మనకేం అర్థమైంది?

ఒకటి, ప్రతిపక్ష నాయకుడి మాటకు బరువుంటుంది. 1967లో ప్రతిపక్షం కలిసొస్తే 90 శాతం అవునన్నారు. 2023 అక్టోబర్‌లో ఆదివాసులకు పార్లమెంటు ముందు ఒక సలహా సంఘం ఉండాలని రెఫరెండం పెడితే, ప్రతిపక్ష నాయకుడు పీటర్ డటన్ వద్దని తిరిగాడు. 60 శాతం కాదన్నారు, ఆరు రాష్ట్రాలూ కాదన్నాయి.

రెండు, ఆ మాట దానంతటదే రాదు. బెరడు అర్జీ, బస్సు, సమ్మె, గొడుగు, ఇవన్నీ ముందు జరిగాయి. విట్లమ్ టెంటు దగ్గరికి వచ్చాడంటే, అక్కడ టెంటు ఉంది కాబట్టి.

మూడు, మాటను రాయించుకోవాలి. మేనిఫెస్టోలో, కమిషన్ రిపోర్టులో, చట్టంలో. మనిషి పోయినా, పార్టీ ఓడినా రాసింది మిగులుతుంది. రాసింది కౌలా, పట్టానా అన్నది కూడా మనమే చూసుకోవాలి.

ఈసారి మన గూడేనికి ఏ నాయకుడు వచ్చి మాటిచ్చినా తేదీ, ఊరు, అన్న మాట నోట్‌బుక్‌లో రాసిపెట్టండి. నలుగురి సంతకాలు తీసుకోండి. మీ ఊళ్లో ఇప్పటిదాకా ఎవరు ఏ మాటిచ్చారు, అది ఎక్కడిదాకా వచ్చిందో కింద రాయండి. అన్నీ ఒకచోట చేర్చి భద్రంగా పెడదాం.

జల్, జంగిల్, జమీన్. జోహార్.